ఆషాఢం నుంచి ఎంగిలిపూల దాకా: ఇంటి కుట్టు పని చిట్టా

పది వారాల చిట్టా ఇది. అనుకున్నవి మూడు: చీర లోపలి లంగా ఒకటి, ఆరేళ్ళ పాపకు నారాయణపేట గుడ్డతో బతుకమ్మ లంగా ఒకటి, పోచంపల్లి ఇక్కత్‌తో అస్తర్ (లోపలి గుడ్డ) వేసిన జాకెట్ ఒకటి. రోజులు మిగిలితే బడి కార్యక్రమంలో లంబాడా వేషానికి అద్దాల పట్టీ. మిషన్ కాలితో తొక్కే నల్లది. ఆషాఢంలో మొదలుపెడితే ఒక లాభం ఉంది. ముహూర్తాలు ఉండవు కాబట్టి దర్జీలకు కాస్త తీరిక. కత్తెర సాన పట్టించాలన్నా, పోగులు ఊడకుండా అంచులు ఓవర్‌లాక్ చేయించాలన్నా, ఒక అనుమానం అడగాలన్నా అప్పుడే. శ్రావణం వచ్చిందంటే వాళ్ళు మిషన్ మీంచి తల ఎత్తరు.

కుట్టు చెడిందని విప్పి చూస్తే, తప్పు చాలాసార్లు మిషన్ దగ్గర ఉండదు. గుడ్డ పరిచిన చాప మీదే జరిగిపోయి ఉంటుంది. పడుగు ఎటు ఉందో చూడకుండా కోసిన గుడ్డను ఎంత మంచి కుట్టూ కాపాడలేదు. అందుకే ఏ బట్టకైనా పడుగు సంగతి చూసుకున్నాకే కత్తెర మాట. గుడ్డ నేత అంచుకు సమాంతరంగా పోయే పోగు పడుగు, అడ్డంగా పోయేది పేక. చేత్తో లాగి చూస్తే పడుగు దాదాపు సాగదు, పేక కొంచెం సాగుతుంది, మూలగా లాగితే బాగా సాగుతుంది.

1వ వారం, మిషన్

దారం ఎక్కించకుండా గీతల నోటుబుక్కు కాగితం మీద నాలుగు రోజులు. నిలువు గీతలు, తర్వాత చతురస్రాలు, ఆఖరున వంపులు. చక్రం మనవైపే తిరగాలి. ఎదురు తిరిగితే దారం షటిల్‌లో చిక్కి తెగుతుంది. కుడి చేత్తో చక్రాన్ని మనవైపు ఒక తోపు తోసి, ఆ వేగం అందుకుని పాదాలు కదపాలి. మూల దగ్గర సూది గుడ్డలో దిగి ఉండగా, గుడ్డను అదిమి పట్టే మిషన్ పాదం ఎత్తి గుడ్డను తిప్పుకోవాలి. కాగితం మీద వాడిన సూది మొద్దుబారుతుంది, గుడ్డకు దాన్ని వాడొద్దు. పాప్లిన్‌కు 14 నంబరు, పలుచని పట్టుకు 11, జీన్స్‌కు 16. సూదికి ఒక వైపు పొడవాటి గాడి ఉంటుంది, దారం ఆ వైపు నుంచే లోపలికి పోవాలి.

గుడ్డ కింది వైపు దారం ఉచ్చులు ఉచ్చులుగా వస్తే అందరూ కింది దారం చుట్టే బాబిన్ మీద పడతారు. కారణం పైదారం. పాదం దించి ఉండగా దారం ఎక్కిస్తే టెన్షన్ రేకులు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు దిగదు. పాదం ఎత్తి మొత్తం మళ్ళీ ఎక్కిస్తే సగం రోగాలు పోతాయి. బాబిన్ కేసుకు వేరే పరీక్ష ఉంది. దారం చివర పట్టుకుని కేసును వేలాడదీయాలి. ఊరికే ఉంటే నిలబడాలి, చెయ్యి చిన్నగా విదిలిస్తే రెండు వేళ్ళ మందం దిగాలి. జర్రున జారిపోతే మరను పావు చుట్టు బిగించాలి.

నూనె మిషన్ నూనే. కొబ్బరి నూనె వేస్తే నాలుగు నెలల్లో జిగురు కడుతుంది. అలా పట్టేసిన మిషన్‌కు కిరోసిన్ రెండేసి చుక్కలు వేసి, తొక్కి, తుడిచి, అప్పుడు అసలు నూనె వేయాలి. రాత్రంతా పాదం కింద పాత గుడ్డముక్క ఉంచితే కారిన నూనెను అదే పీలుస్తుంది.

2, 3 వారాలు, లోపలి లంగా

36 అంగుళాల పన్నా (వెడల్పు) పాప్లిన్ 2.25 మీటర్లు, అంటే 88 అంగుళాల పైచిలుకు. తయారయ్యాక పొడవు 38. ముందురోజు రాత్రి నీళ్ళలో నానేసి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేశాకే కోత.

37.5 అంగుళాల ముక్కలు రెండు. ఒక్కో ముక్క నుంచి మూడు కలీలు (పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే ముక్కలు) వస్తాయి, గుడ్డ వృథా కాదు. మధ్య కలీ పైన 8, కింద 25. దాని రెండు పక్కలా మిగిలినవి తలకిందులుగా తిప్పితే పైన 5.5, కింద 14 చొప్పున రెండు కలీలు. మొత్తం ఆరు. పైన చుట్టు 38, ఒక్కో కుట్టుకు రెండు వైపులా కలిపి అంగుళం పోతే 32. కింద ఘేరు (చుట్టు) 106లో 6 పోతే 100. మిగిలిన 13 అంగుళాల గుడ్డలోంచి 5 అంగుళాల వెడల్పు, 33 పొడవు పట్టీ. అది నాలుగు వైపులా అర అంగుళం మడిచి, నడుమకు మడిస్తే 2 అంగుళాల నేఫా (నాడా దూర్చే పట్టీ) అవుతుంది.

ఇక్కడ జరిగే తప్పు ఒకటే, కానీ కొత్తగా కుట్టేవాళ్ళలో చాలామంది చేస్తారు. అంచు ఉన్న వైపు నిలువు 37.5 అంగుళాలు. వాలుగా కోసిన వైపు దాదాపు 38.5. రెండింటినీ జత చేసినప్పుడు కింద అంగుళం తేడా కనిపిస్తుంది. అది చూసి కంగారుపడి పొట్టిదాన్ని లాగి సరిపెడితే కుట్టు పొడవునా గుడ్డ ముడుచుకుపోతుంది. పై నుంచి మొదలుపెట్టాలి, ఏదీ లాగకూడదు, మిగిలింది కిందే మిగలనివ్వాలి. వాలు అంచుకు నిలువు అంచును జత చేస్తే నిలువుది వాలుదాన్ని సాగకుండా పట్టి ఉంచుతుంది. పక్కల్లో రెండు వాలు అంచులే కలుస్తాయి కాబట్టి అక్కడ నిదానం. అన్నీ అయ్యాక లంగాను ఒక రాత్రి వేలాడదీసి, తెల్లారి కింద గుండ్రంగా కత్తిరించి, అంగుళం మడిచి కుట్టాలి. వేలాడదీయకుండా మడిస్తే వాలు భాగాలు తర్వాత సాగి, లంగా ఎత్తుపల్లాలుగా దిగుతుంది.

4వ వారం

తురపాయి (మడతను చేత్తో కుట్టడం), హుక్కులు, చేతి కాజాలు. రోజూ అరగంట. తురపాయిలో పై గుడ్డ నుంచి ఒకటి రెండు పోగులే పట్టాలి, దారం బిగించకూడదు. చెప్పుకోవలసింది ఇంకేమీ లేదు, చేతికి అలవాటు కావాలి, అంతే.

5, 6 వారాలు, నారాయణపేట లంగా

నారాయణపేట చీరకు ఉండే గళ్ళు లంగా కుట్టేవాళ్ళకు వరం. సుద్దతో గీతలు గీసే పని తప్పుతుంది. ముందు రంగు పరీక్ష: తెల్ల గుడ్డను తడిపి అంచు మీద రుద్దాలి. రంగు అంటితే విడిగా చల్లని నీళ్ళలో, వదలడం ఆగేదాకా జాడించాలి. ఉప్పు వేసినంత మాత్రాన రంగు ఆగదు. గద్వాల చీర ముక్కతో కుట్టేటప్పుడు ఇంకా జాగ్రత్త. దాని నడిమి భాగం కాటన్, అంచు పట్టు, విడిగా నేసి కలిపినవి. నీళ్ళు తగిలితే కాటన్ కుంచించుకుని పట్టు అంచు అలలు తేలుతుంది. దాన్ని నానబెట్టకుండా డ్రైక్లీనింగ్‌కే ఇవ్వడం మేలు.

పాప నడుము 22, లంగా పొడవు 24. అంచు కిందకి రావాలి కాబట్టి ఇక్కడ పడుగు నడుము చుట్టూ అడ్డంగా పోతుంది. పొడవు చీర పన్నాలోంచి తీయాలి: 24, పై కుట్టుకు అర, లోపల రెండు దాపుడు మడతలకు మూడేసి చొప్పున 6, మొత్తం 30.5. ఆ మడతలు పైన, నడుముకు దగ్గరలో పెద్ద కుట్టుతో వేస్తే ఏటా ఒకటి చొప్పున విప్పుకోవచ్చు. మిగిలే 15, 16 అంగుళాల పట్టెకు చీర రెండో అంచు ఉంటుంది. అందులోంచి పైబాడీ, ఆ అంచుతోనే చేతులు. లంగాను పైబాడీకి కలిపి కుడితే పాప ఆడేటప్పుడు జారదు.

అడ్డం 68 అంగుళాలు, అంటే 1.75 మీటర్లు. అంగుళం కనిపించి రెండంగుళాలు లోపలికి పోయే కుచ్చులు 22కు 66, వెనక కుట్టుకు 2. గడి అర అంగుళం ఉంటే లెక్క ఇంకా తేలిక: రెండు గళ్ళు పైకి, నాలుగు గళ్ళు లోపలికి. ప్రతి కుచ్చు ఒకే రంగు గీత దగ్గర మడత పడుతుంది కాబట్టి పైనుంచి కింద దాకా నిలువుగా నిలుస్తుంది.

చేమగ్గం మీది గడి అన్నిచోట్లా ఒకే కొలతలో ఉండదు. కుచ్చుకు అంగుళంలో పదహారో వంతు తేడా వచ్చినా 22 కుచ్చులకు అంగుళం పావుకు పైనే అవుతుంది. అందుకని ముందు అన్ని కుచ్చులకూ గుండుసూదులు గుచ్చి నడుము కొలవాలి. తేడాను వెనక వైపు నాలుగు కుచ్చుల్లో సర్దాలి, ముందు వైపు గళ్ళ లెక్క ముట్టుకోకూడదు. తర్వాత చేత్తో తాత్కాలికంగా వేసే కచ్చా కుట్టు, ఇస్త్రీ, అప్పుడు మిషన్.

7 నుంచి 9వ వారం, జాకెట్

మూడు వారాలు పట్టింది, పట్టాలి కూడా. ఇక్కత్‌లో పోగుకే రంగు అద్ది నేస్తారు కాబట్టి ఉల్టా, సీదా ఒకేలా కనిపిస్తాయి. అస్తర్ అతికించేటప్పుడు రెండు ముందు ముక్కలూ ఎడమవే తయారవడానికి కారణం ఇదే. కోసిన వెంటనే ప్రతి అస్తర్ ముక్క మీద సుద్దతో ‘కు’, ‘ఎ’ అని రాయాలి. డిజైన్ అంచులు మసకగా ఉంటాయి, గీతకు గీత కలపాలని చూస్తే కుదరదు. పువ్వు నడిమి బిందువును మధ్య గీతకు సమంగా పెడితే కంటికి సరిగ్గా ఉంటుంది.

ఛాతీ 36, నడుము 30, పొడవు 14.5 జాకెట్ కొలతలు ఇవి. వెనక ముక్క ఛాతీ దగ్గర: నాలుగో వంతు 9, వదులు అర, లోపలి మార్జిన్ ఒకటిన్నర, మొత్తం 11. నడుము దగ్గర: ఏడున్నర, వదులు అర, డాటుకు (ఒంటికి అమరేలా మడిచి కుట్టే మడతకు) 1, మార్జిన్ ఒకటిన్నర, మొత్తం 10.5. భుజం సగం 7, చంక లోతు 7. ముందు ముక్క చంక వంపు వెనకదానికంటే అర అంగుళం లోపలికి. నడుము డాటు ఛాతీ బిందువుకు అంగుళం కిందే ఆగాలి, బిందువు దాకా పోతే మొన తేలుతుంది. డాటు చివర రివర్స్ కుట్టు వద్దు, దారాలు వదిలి చేత్తో ముడి వేయాలి.

ఇక్కత్ ముట్టుకోకముందే అస్తర్‌ను నానబెట్టి, కోసి, దాన్నొక్కదాన్నే కచ్చా కుట్టి తొడిగి చూడాలి. మార్పులు దాని మీదే చేసుకుని, విప్పి, దాన్నే నమూనాగా పెట్టి ఇక్కత్ కోయాలి. నానబెట్టని అస్తర్ మొదటి ఉతుకులోనే కుంచించుకుని పైగుడ్డను ముడతలు పెడుతుంది.

చెయ్యి ఎత్తితే జాకెట్ మొత్తం పైకి లేస్తుంటే చంక బిగుతుగా ఉందనుకుని ఇంకా లోతుగా కోస్తారు. అది తిరగేసిన వైద్యం. చంక మరీ కిందికి దిగినప్పుడే బట్ట చేతితో పాటు లేస్తుంది. కోసిన గుడ్డ తిరిగి రాదు కాబట్టి భుజం కుట్టులో అర అంగుళం లోపలికి పట్టి చంకను పైకి తేవాలి. మెడ కూడా పైకి వస్తుంది, దాన్ని మళ్ళీ సరిచేసుకోవాలి. జాకెట్ చేతి గుడ్డ పైభాగాన ఉండే తల వంపును టేపు నిలబెట్టి కొలిస్తే అది చంక చుట్టు కొలతకంటే అర నుంచి ముప్పావు అంగుళం ఎక్కువ ఉండాలి. తక్కువైతే భుజం కింద అడ్డంగా ముడతలు లాగుతాయి.

మెడ వదులై నిలబడటం ఇంకో బాధ. మెడ వంపు మూలగా కోసినది కాబట్టి చేతులు పడినకొద్దీ సాగుతుంది. కోసిన వెంటనే అంచు నుంచి అరపావు అంగుళంలో ఒక కుట్టు వేసేస్తే సాగదు. మెడ అంచుకు వేసే పైపింగ్ పట్టీ క్రాస్‌లో, అంటే మూలగా కోయాలి, ఒకటింపావు అంగుళం వెడల్పు. క్రాస్ కోసం పడుగు అంచును పేక అంచు మీదికి మడిస్తే వచ్చే మడత గీతే కోత గీత. వంపు దగ్గర పట్టీని కొద్దిగా లాగాలి, నిలువు దగ్గర అసలు లాగకూడదు. ఎక్కువ లాగితే మెడ కుచ్చుకుంటుంది, లాగకపోతే తెరుచుకుంటుంది. తిప్పే ముందు అర అంగుళానికి ఒక గాటు, కుట్టుకు ఒక పోగు దూరంలో ఆగాలి.

10వ వారం, అద్దాల పట్టీ

దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో ఫేటియా (లంగా), కాంచళి (రవిక) మీద కనిపించే అద్దాల పని చేత్తోనే కుదురుతుంది, జిగురుతో అతికిస్తే ఆటలోనే రాలిపోతాయి. ముప్పావు అంగుళం గుండ్రటి అద్దాలు, ఆరు పోగుల దారంలో మూడు పోగులు. అద్దం అంచు పదునుగా ఉంటే దారాన్ని కోస్తుంది, రాతి మీద తేలిగ్గా రుద్దుకోవాలి.

అద్దం మీద నిలువుగా రెండు దారాలు, అడ్డంగా రెండు, ప్రతి అడ్డదారాన్నీ నిలువుదానికి ఒకసారి చుట్టి, బిగుతుగా. నడుమ చిన్న చతురస్రం మిగులుతుంది. దాని మీద మూలగా ఇంకో నాలుగు. అప్పుడు సూది ఆ దారాల కిందనుంచి బయటకు లాగి, అద్దం పక్కనే గుడ్డలో చిన్న కుట్టు తీసి, దారం సూది కింద ఉండగా లాగాలి. ఇలా చుట్టూ పోతుంటే చతురస్రం విచ్చుకుని గుండ్రటి చట్రం అవుతుంది. మొదటి దారాలు అంచుకు మరీ దగ్గరగా ఉంటే విచ్చుకునేటప్పుడు జారి అద్దం ఊడుతుంది. మరీ నడుమకు ఉంటే అద్దం కప్పుకుపోతుంది. అంచు నుంచి మూడో వంతు లోపల సరైన చోటు.

పట్టీ 28 అంగుళాలు, రెండంగుళాలకొక అద్దం చొప్పున 14. మొదటిదానికి అరగంట పట్టింది, ఆరోదానికి పన్నెండు నిమిషాలు. తొమ్మిది అయ్యాయి, ఇంకా అయిదు ఉన్నాయి.