మానిటర్ పవర్ సప్లైని బాగు చేసుకున్న నా అనుభవం

చాలా ఏళ్లుగా వాడుతున్న నా మానిటర్ ఒక రోజు స్విచ్ వేసినా వెలగలేదు. ముందు వైపున్న చిన్న దీపం మాత్రం వెలుగుతూ ఆరుతూ ఉంది. చెవి దగ్గరగా పెట్టి వింటే, దీపం వెలిగినప్పుడల్లా లోపలి నుంచి టిక్ టిక్ మని సన్నని చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు విని నాకు కొంత ధైర్యం కలిగింది. ఫ్యూజ్ పోయి ఉన్నా, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ డయోడ్లో, స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్ ట్రాన్సిస్టరో షార్ట్ అయి ఉన్నా అలా కొట్టుకోవడం సాధ్యం కాదు. సప్లై మొదలు కావాలని ప్రయత్నించి ఆగిపోతోందన్నమాట. ఆ అంచనా సరైనదే అయినా, అసలు లోపం చేతికి చిక్కడానికి మూడు సాయంత్రాలు పట్టింది.

వెనక మూత తీసిన తర్వాత నేను ముందుగా చేసిన పని, కరెంటును నిల్వ ఉంచుకునే పెద్ద కెపాసిటర్‌ను ఖాళీ చేయడం. 230 వోల్టుల ఏసీని బ్రిడ్జ్ డీసీగా మార్చినప్పుడు ఆ కెపాసిటర్ మీద సుమారు 325 వోల్టులు నిలుస్తాయి. సవ్యంగా నడిచే సప్లైలో ప్లగ్గు తీయగానే ఆ నిల్వ సర్క్యూట్‌కే ఖర్చయిపోతుంది గానీ, పాడైనదానిలో చాలాసేపు అలాగే ఉండిపోవచ్చు. స్క్రూడ్రైవర్‌తో రెండు కాళ్లనూ కలిపేయడం నేను ఎన్నడూ చేయను. ఆ మెరుపుకు బోర్డు మీది రాగి గీతలు కూడా దెబ్బతింటాయి. 2.2 కిలో ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్‌కు బాగా ఇన్సులేషన్ ఉన్న తీగలు అతికించుకుని, దాన్ని కొన్ని సెకన్లు ఆనించి, ఆ తర్వాత మీటర్‌తో చూసి సున్నాకు వచ్చిందని నిర్ధారించుకున్నాకే బోర్డును చేతితో పట్టుకున్నాను.

సెకండరీ వైపు, అంటే ట్రాన్స్‌ఫార్మర్ దాటాక తక్కువ వోల్టేజీ వచ్చే వైపు, 1000 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్లు రెండు నెత్తిన ఉబ్బి కనిపించాయి. కారణం దొరికిందనుకుని, వాటి స్థానంలో 105 డిగ్రీల, తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) రకానికి చెందిన 25 వోల్టుల కెపాసిటర్లు, గీత ఉన్న వైపు నెగటివ్‌కు వచ్చేలా చూసుకుని టంకం పెట్టాను. స్విచ్ వేస్తే మళ్లీ అదే టిక్ టిక్. ఆ సాయంత్రం చాలా నిరాశ కలిగింది.

మర్నాడు కొలతలు మొదలుపెట్టి ఒక పొరపాటు చేశాను. మీటర్ నల్ల తీగను సెకండరీ గ్రౌండ్‌కు తగిలించి ప్రైమరీ వైపు, అంటే మెయిన్స్ కరెంటు వచ్చే వైపు, వోల్టేజీలు చూస్తూ, అర్థం లేని అంకెలతో గంటసేపు తికమకపడ్డాను. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇటూ అటూ ఉన్న గ్రౌండ్లు రెండూ వేరు. అవుట్‌పుట్ ఎంత ఉందన్న కబురు కూడా ఆప్టోకప్లర్‌లో వెలుతురు రూపంలోనే అవతలికి చేరుతుంది. ప్రైమరీ కొలతలకు పెద్ద కెపాసిటర్ నెగటివ్ కాలే ఆధారం. ఆ వైపంతా మెయిన్స్‌తో నేరుగా ముడిపడి ఉంటుంది కాబట్టి, ప్లగ్గు తీసి కెపాసిటర్ ఖాళీ చేసిన తర్వాతే తీగలు క్లిప్పులతో బిగించి, ఎక్కడైనా షార్ట్ ఉంటే కరెంటును అదుపు చేసేలా వరుసలో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి, చేతులు దూరంగా ఉంచుకుని స్విచ్ వేశాను.

అప్పుడు విషయం తేటపడింది. ఈ సప్లైని నడిపేది యూసీ3842 అనే ఐసీ (చిప్). దానికి కరెంటు అందే ఏడో కాలు దగ్గర వోల్టేజీ మెల్లగా పెరిగి, 16 దగ్గరకు చేరి, చటుక్కున పడిపోయి, మళ్లీ పెరుగుతోంది. ఈ ఐసీ సుమారు 16 వోల్టుల దగ్గర మేల్కొంటుంది, 10 కంటే కిందికి పడితే ఆగిపోతుంది. మేల్కొన్న క్షణం నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌లోని సహాయక చుట్టు కరెంటు అందించే వరకు ఐసీ బతకాల్సింది పక్కనున్న 22 మైక్రోఫారడ్, 50 వోల్టుల చిన్న కెపాసిటర్ దాచుకున్న దానితోనే. సహాయక చుట్టు డయోడ్‌ను పరీక్షిస్తే బాగానే ఉంది. ఇక మిగిలింది ఆ కెపాసిటరే.

చూడటానికి అది కొత్తదానిలాగే ఉంది. ఉబ్బు లేదు, కారిన మరక లేదు. ఊడదీసి కొలిస్తే 3 మైక్రోఫారడ్‌లకు కూడా రాలేదు. అది వేడిని లాగే లోహపు ముక్కకు, అంటే హీట్‌సింక్‌కు ఆనుకుని ఉండటంతో, లోపలి కొద్దిపాటి ద్రవం ఏళ్ల తరబడి వేడికి రబ్బరు మూత గుండా ఆవిరై పోయి ఉంటుంది. అలా నెమ్మదిగా ఎండిపోయే చిన్న కెపాసిటర్‌కు పైన ఉబ్బు రావాలని లేదు. కంటితో చూసి మంచిచెడ్డలు తేల్చడం పెద్ద కెపాసిటర్ల విషయంలో కొంత పనికొస్తుంది. వీటి విషయంలో మీటరే చెప్పాలి.

అదే విలువ ఉన్న 105 డిగ్రీల కెపాసిటర్ వేశాక, వరుసలోని బల్బు ఒక్కసారి మెరిసి మందగించింది, దీపం నిలకడగా వెలిగింది. ప్లగ్గు తీసి, మళ్లీ కెపాసిటర్ ఖాళీ చేసి, బల్బు తొలగించి, బోర్డుకు తెరను కలిపి గంటసేపు నడిపాను. ఒక లైన్‌లో 5.1, రెండో లైన్‌లో 12.2 వోల్టులు కదలకుండా ఉన్నాయి. మూత బిగించే ముందు కొత్త కెపాసిటర్‌ను దాని కాళ్ల పొడవు అనుమతించినంత మేర హీట్‌సింక్‌కు దూరంగా వంచి పెట్టాను.