గట్టు లేని పొలాల ఊరు

నాటింగ్‌హామ్‌లో మా అబ్బాయి ఇంట్లో దిగిన మూడో వారానికి నేను లాక్స్టన్ అనే పల్లెకు వెళతానని పట్టుబట్టినప్పుడు, అక్కడ పొలాలు తప్ప చూడడానికేమీ లేదని మా కోడలు ముందే చెప్పింది. న్యూఆర్క్ స్టేషనులో దిగాక ఆదివారం బస్సు దొరకదని తెలిసింది. పది మైళ్ల పైచిలుకు దూరానికి టాక్సీ అతను ముప్పై రెండు పౌండ్లు అడిగాడు. రూపాయల్లోకి మార్చుకోకూడదని ఎంత అనుకున్నా మనసు ఊరుకోదు. మూడు వేల పైమాటే. ఆ చిరాకుతోనే ఊళ్లో అడుగుపెట్టాను.

నిజంగానే ఏమీ లేదు. ఒక వీధి, దాని వెంట ఎర్ర ఇటుకల ఇళ్లు, ఒక చర్చి, ఒక పబ్బు. ఉత్తరాన నార్మన్ల కాలపు కోట ఉందంటే ఎక్కి చూశాను. కోట పోయి మట్టిదిబ్బ మిగిలింది. అయితే ఇంగ్లండులో చాలాచోట్ల రైతు ఇల్లు తన పొలం మధ్య ఒంటరిగా కనిపిస్తుండగా, ఇక్కడి రైతులు మన పల్లెల్లో లాగే వీధిలో కాపురముండి పొలానికి వెళ్లివస్తారన్నది కాసేపటికి గాని తట్టలేదు. తప్పిపోయి తిరిగే పశువులను కట్టేసే బందెలదొడ్డి కూడా ఉంది!

1604 నుంచి 1914 వరకు పార్లమెంటు చేసిన 5,200కు పైగా చట్టాలతో ఆ దేశంలోని ఉమ్మడి పొలాలు విడివిడి కమతాలై కంచెలు పడ్డాయి. లాక్స్టన్‌లో మాత్రం ఆ పని పూర్తికాలేదు. ఊరి భూమిలో అధికభాగం చేతిలో ఉన్న ఇద్దరు ప్రభువులకు పొత్తు కుదరకపోవడమే కారణమని చెబుతారు. అందువల్ల వెస్ట్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్ అనే మూడు పెద్ద పొలాలు నేటికీ పట్టీలు పట్టీలుగా రైతుల మధ్య ఉన్నాయి. ఏటా ఒకదానిలో గోధుమ, ఒకదానిలో వసంతకాలపు పైరు వేసి, మూడోదాన్ని బీడుపెడతారు. 1635లో మార్క్ పియర్స్ గీసిన పటంలో రెండు వేలకు పైగా ఉన్న పట్టీలను ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలిపి పెద్దవి చేశారు.

ముందురోజు వాన పడడంతో పొలం బాటలో ఎర్రని బంకమట్టి బూట్లకు రొట్టెల్లా అంటుకుంది. అక్కడ కలిసిన ఒక వృద్ధ రైతును సరిహద్దు ఎక్కడని అడిగితే, ఆయన కొత్తగా విత్తిన నేలలోకి నడిచి, నాకు మామూలు చాలులాగే కనిపించిన ఒక చాలుకు అటొక కాలు, ఇటొక కాలు వేసి నిలబడ్డాడు. "ఈ కాలు నా పొలంలో ఉంది, ఆ కాలు మా పొరుగువాడి పొలంలో ఉంది" అన్నాడు. గట్టు లేదు, సర్వే రాయి లేదు. తెనాలి దగ్గర మా తాతగారు మూడడుగుల గట్టును పక్కవారు చెక్కుకున్నారని వేసిన దావా మా నాన్నగారి తరంలో గాని తేలలేదు. వకీలు ఫీజులకు ఆ చేను సగం హరించుకుపోయింది.

పొరుగువాడు ఒక చాలు ఎక్కువ దున్నితే ఏం చేస్తారని అడిగాను. నవంబరు చివరి గురువారం రైతుల జ్యూరీ గోధుమ వేసిన పొలమంతా తిరిగి, హద్దు చెదిరినచోట గుంజలు పాతుతుందనీ, మరుసటి గురువారం పబ్బులో కూర్చునే కోర్ట్ లీట్ అనే ఊరి న్యాయసభ జరిమానా వేస్తుందనీ చెప్పాడు. ఆ జరిమానా కొద్ది పౌండ్లేనట. డబ్బుకన్నా, అందరి ఎదుటా పేరు చదవడమే కష్టమని ఆయన నవ్వాడు. దున్నకుండా వదిలే వాగువార పచ్చిక పట్టీలను సైక్‌లంటారట. వాటి గడ్డిని మన ఊళ్లలో చెరువు చేపలకు లాగే వేలం పాట పెడతారని విన్నప్పుడు నాకు మరీ ఇల్లు గుర్తొచ్చింది.

యజమానులు మాత్రం మారుతూ వచ్చారు. మాన్వర్స్ ప్రభువు 1952లో ఊరిని వ్యవసాయ శాఖకు అమ్మారు. 1981లో అది రాచరికపు ఆస్తులు చూసే క్రౌన్ ఎస్టేట్ అనే సంస్థ చేతికి వెళ్లి, 2020లో తిరిగి ఆ ప్రభువు వంశపు థోర్స్‌బీ ఎస్టేటుకే చేరింది.

జ్యూరీ తిరిగే రోజుకు నేను తెనాలిలో ఉంటాను; టికెట్టు మార్చుకుందామంటే అబ్బాయి చెప్పిన అదనపు ఛార్జీ టాక్సీకి పదింతలు. తిరుగు టాక్సీ అతను బూట్లు చూసి, మట్టి దులిపితే గాని ఎక్కనివ్వనన్నాడు. పుల్లతో గీకుతూ, ఆ ముద్దలో ఏ పట్టీ మట్టి ఎంతో పోల్చుకోలేక, అంతా ఉమ్మడి బాట పక్కనే రాల్చి వచ్చాను.