వాటర్లూలో ఒక మధ్యాహ్నం

నిన్న బెల్జియంలో నెపోలియన్ ఓడిపోయిన యుద్ధభూమి వాటర్లూ వెళ్లాం. అక్కడి స్మారకం, సింహం దిబ్బకి 226 మెట్లు. సగంలోనే మోకాళ్లు మొరాయించాయి. పైనుంచి చూస్తే చేలు, ఓ సన్నటి దారి, అంతే! 1815 జూన్ 18న ఈ కాస్త జాగాలోనే దాదాపు 50 వేల మంది చనిపోవడమో, గాయపడడమో జరిగిందంటే నమ్మబుద్ధి కాలేదు.

ముందురోజు రాత్రంతా వాన. బురద ఆరాలని నెపోలియన్ దాదాపు మధ్యాహ్నం దాకా ఆగాడు. బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్‌కి తోడుగా ప్రష్యన్లు (జర్మన్ రాజ్యం ప్రష్యా సైన్యం) చేరుకోవడానికి ఆ టైమ్ చాలింది. అన్నట్టు, గెలిచిన వెల్లింగ్టన్ 1799లో శ్రీరంగపట్నం మీదికి నడిపించింది మన నిజాం సైన్యాన్నే.

హూగుమాంట్ ఫామ్‌హౌస్ దగ్గర మాత్రం కాళ్లు కదల్లేదు. ఉత్తరం గేటు తోసుకుని లోపలికొచ్చిన ఫ్రెంచివాళ్లందర్నీ అక్కడ కాపలా ఉన్న వెల్లింగ్టన్ సైనికులు చంపేసి, డప్పు కొట్టే కుర్రాణ్ణి ఒక్కణ్ణే వదిలేశారట. అదే గేటు ముందు నిలబడి మా పదకొండేళ్లవాడు "అమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు.