ఆటో వెనక నాలుగు అక్షరాలు

మంగళవారం. పొద్దటి నుంచి ముసురు.

అదాలత్ దగ్గర సిగ్నల్ పడింది. బండి మీద నేను, వెనక బిడ్డ, ఇద్దరి మధ్య దాని బడి సంచి. ముందు ఆగిన ఆటో ప్లేటు మీద బురద చిమ్మి అంకెలు సగం కనపడడం లేదు. అక్షరాలు మాత్రం తేటగా ఉన్నాయి. టి ఎస్, పక్కన 03, ఆ తర్వాత యు బి.

"డాడీ, టి ఎస్ యు బి!" అని భుజం తట్టింది.

రోజూ కాజీపేట నుంచి బడికి పోయే దారిలో మా ఆట ఇదే. ప్లేటు మీది అక్షరాలన్నీ ఉన్న ఇంగ్లిష్ మాట వెతకాలి. ఏ వరసలో ఉన్నా సరే, నడుమ వేరే అక్షరాలు ఎన్ని దూరినా సరే, ఆ నాలుగింటిలో ఒక్కటీ తగ్గకూడదు. ఎవరి మాట పొడుగైతే వాళ్లు గెలిచినట్టు. చివర ఉత్తగా ఎస్ తగిలించి బహువచనం చేస్తే ఒప్పుకోం. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టి జి వస్తోంది కదా, దానితో ఇంకో కట్టుబాటు అవసరమైంది. టి, జి రెండూ ఉంటే ఈటింగ్, వెయిటింగ్, మీటింగ్ అని వరంగల్ దాకా చెప్పుకుంటూ పోవచ్చు. అందుకని ఇంగ్ తోక బంద్ పెట్టుకున్నాం.

ముందు "స్టబ్" అంది. నాలుగక్షరాలు, ఒక్కటీ ఎక్కువ లేదు. కాసేపు ఊరుకుని, "సబ్‌ట్రాక్షన్!" అని అరిచింది. పక్క బండాయన తిరిగి చూశాడు. 11 అక్షరాలు. నేను "ట్రబుల్‌సమ్" అన్నాను. వేళ్ల మీద లెక్కపెడితే అదీ 11. పచ్చ దీపం పడింది. సాయంత్రం తేల్చుకుందామని దాన్ని గేటు దగ్గర దించి ఆఫీసుకు పోయాను.

పని చేస్తున్నానన్న మాటే గానీ ఆ నాలుగక్షరాలు వదల్లేదు. ఇన్నాళ్ల ఆటలో నాకు తెలిసివచ్చిన ఉపాయం ఒకటుంది. అన్ని అక్షరాలనూ ఒకేసారి పట్టుకోకూడదు. ఎక్కువ మాటల్లో కనపడనిది ఏదో దాన్ని ముందు పట్టుకోవాలి. ఈ నాలుగింటిలో అది బి. టి, ఎస్ ఎక్కడైనా దొరుకుతాయి. 1930లలో అమెరికాలో ఉద్యోగం పోయిన ఆర్కిటెక్ట్ ఆల్‌ఫ్రెడ్ బట్స్ వార్తాపత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టాడు. అక్షరాల బిళ్లలు పేర్చి మాటలు కట్టే స్క్రాబుల్ ఆట ఆ లెక్క మీద కట్టిందే. 100 బిళ్లల్లో ఇ లు 12, టి లు 6, ఎస్ లు 4, యు లు 4, బి లు రెండే. క్యూ, జెడ్ ఒక్కొక్కటి, వాటికి 10 పాయింట్లు. చుక్కలు, గీతలతో తంతి పంపే మోర్స్ కోడ్‌లో ఇ కి ఒక్క చుక్క, టి కి ఒక్క గీత ఇచ్చింది కూడా అందుకే. ఎక్కువ పని చేసే అక్షరానికి తక్కువ శ్రమ.

అరుదైన అక్షరం దొరికాక తోకలు చూసుకోవాలి. షన్, మెంట్, నెస్, షిప్. మన బండ్ల సిరీస్‌లో ఐ, ఓ వాడరు, ఒకటి అనీ సున్నా అనీ పొరబడతారని. షన్ తోక రాయాలంటే ఆ రెండే కావాలి. ప్లేటు ఇవ్వని అక్షరాలే మాటకు పొడుగునిస్తాయి. మొన్న ఆర్టీసీ బస్సు వెనక టి జి తో పాటు జెడ్ వచ్చింది (ఆర్టీసీ బస్సులకు జెడ్ సిరీసే). పాప "కేటగరైజ్" అంటే నేను "ఆర్గనైజేషన్" అన్నాను. మా బడి పుస్తకంలో దానికి ఎస్ ఉంది, జెడ్ లేదు అని గొడవ పెట్టుకుంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తీసి జెడ్ రూపమే ముందు ఇచ్చారని చూపించేదాకా వదల్లేదు. నాకా గొడవ ఎంత నచ్చిందో. స్పెల్లింగ్ కోసం తండ్రితో కొట్లాడే పిల్ల ఉండడం అదృష్టం. మా రోజుల్లో స్పెల్లింగ్ అంటే సి ఏ టి క్యాట్ అని కళ్లు మూసుకుని వల్లె వేయడమే.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచేలోపు "సబ్‌స్టిట్యూషన్" తట్టింది. 12. గెలిచాను అనుకున్నాను.

సాయంత్రం బాపు అరుగు మీద కూర్చుని చాయ తాగుతున్నాడు. పాప నోటుబుక్కులో మాటలు రాసి, ఒక్కో అక్షరం కింద చుక్క పెడుతోంది.

"ఏం లెక్కవెడ్తున్నవే బిడ్డా?"

"అక్షరాలు తాతా. టి, ఎస్, యు, బి. నాలుగూ ఉన్న పెద్ద మాట కావాలె."

బాపు ఎనుమాముల మార్కెట్ దగ్గర విత్తనాలు, పురుగుమందులు అమ్మే దుకాణంలో ముప్పై ఏళ్లకు పైగా గుమస్తా. ఇంగ్లిష్ ఆయన బళ్లో నేర్చుకోలేదు. సంచుల మీది అక్షరాలు, డబ్బాల మీది అక్షరాలు, బిల్లు పుస్తకం పైన అచ్చేసిన అక్షరాలు. అన్నీ పెద్దబడివే. చిన్నబడి అక్షరాలు ఇప్పటికీ తడుముకుంటాడు. చాయ గ్లాసు కింద పెట్టి, "డిస్ట్రిబ్యూటర్ల ఉంటయా సూడు" అన్నాడు.

ఇద్దరం ఆయన మొఖం చూశాం.

పెన్ను తీసుకుని తనే రాశాడు. స్టాకు రిజిస్టర్‌లో రాసినట్టు, ఒక్కో అక్షరం విడిగా, నిలువు గీతలు ముందు, అడ్డగీతలు తర్వాత. డి, ఐ, ఎస్, టి, ఆర్, ఐ. ఒక్క క్షణం ఆగాడు. బి. యు. టి, ఓ, ఆర్. రాసింది చూసుకుని, ఎస్ కింద, టి కింద, బి కింద, యు కింద గోటితో గీశాడు. నాలుగూ ఉన్నాయి. 11.

నా చిన్నప్పటి నుంచి ఆ మాట మా ఇంట్లో రోజుకు పదిసార్లు వినేవాణ్ని. వానాకాలం మొదట్లో రైతులు వచ్చి అడిగితే "డిస్ట్రిబ్యూటర్ కాడికెళ్లి స్టాకు రాలే" అనేవాడు. అన్నం తింటూ కూడా అదే మాట. నేను రోజంతా వెతికినా అది నాకు తట్టలేదు. ఎందుకంటే నాకు అది చెవిలో ఉంది, కంట్లో లేదు. తెలుగులో రాస్తే డిస్ట్రిబ్యూటర్‌లో స్ట్రి అన్నది ఒకే అక్షరం, వత్తులతో గుత్తిలా ఉంటుంది. బ్యూ కూడా ఒకటే. ఇంగ్లిష్‌లో స్ట్రి నాలుగు పూసలు. మన నోట్లో ఇలా గుత్తులుగా తిరిగే ఇంగ్లిష్ మాటలు ఎన్ని ఉన్నాయో. రిజిస్ట్రేషన్, ట్రాన్స్‌పోర్ట్, కంపెన్సేషన్. ఊళ్లో బడి ముఖం చూడని ముసలవ్వ కూడా అంటుంది. బాపు మాత్రం ఆ మాటను ముప్పై ఏళ్లు చేత్తో రాశాడు. అందుకే పూసలు ఆయనకు విడివిడిగా కనపడ్డాయి.

పాప అప్పటికే మాట మీద పడింది. చివరి ఓ, ఆర్ కొట్టేసి ఐ, ఓ, ఎన్ పెట్టింది. డిస్ట్రిబ్యూషన్, 12. నాతో సమానం. పెన్ను మూత కొరుకుతూ కాసేపు చూసి, ముందు ఆర్, ఇ చేర్చింది. రీడిస్ట్రిబ్యూషన్. 14. ఇది మాటేనా అని నన్ను అడిగింది. మాటేనని, మళ్లీ పంచడమని చెప్పాను. "సగం తాతది, సగం నాది" అని మార్కులు పంచింది. నాకేమీ రాలేదు.

బాపుకు ఆట రుచి తగిలింది. "మన చేతక్ మీద ఏముండె రా?" అని నన్ను అడిగాడు. ఆ స్కూటర్ అమ్మి పన్నెండేళ్లు దాటింది. ఏపీ 36, తర్వాత హెచ్. అప్పట్లో వరంగల్ బండ్లన్నిటికీ 36 ఉండేది. ఏ, పి, హెచ్. పాప తడుముకోకుండా "ఎలిఫెంట్" అంది, 8. తర్వాత "ఫొటోగ్రఫీ", 11. ఇంక దొరక్క, పొద్దున చెప్తానని పడుకుంది.

బాపు కూడా పడుకున్నాడు. వాన ఇంకా పడుతోంది. ఇది రాస్తుండగా నాకొకటి దొరికింది. ఆటోబయోగ్రఫీ. 13. అదాలత్ సిగ్నల్ దాకా చెప్పను.