కూర్చోలేని రోజులు

నేను మందుల కంపెనీలో పని చేస్తాను. హైదరాబాదు శివార్లలోని ఒక యూనిట్‌లో, ప్యాకింగ్ విభాగంలో, మందుల లేబుళ్లు, అట్టపెట్టెలు, వాటిలో మడిచిపెట్టే కాగితాలు ఆమోదించిన నమూనాతో అక్షరం పొల్లు పోకుండా సరిపోతున్నాయో లేదో చూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. అమెరికాకు వెళ్లే డిప్రెషన్ మందుల కాగితం మీద అన్నిటికంటే ముందు నల్లగీతల చట్రంలో ఒక హెచ్చరిక ఉంటుంది. ఈ మందులు పిల్లల్లోను, యువతలోను ఆత్మహత్య ఆలోచనలను పెంచవచ్చునని, మొదలుపెట్టినప్పుడు మనిషిని దగ్గరుండి కనిపెట్టుకోవాలని దాని సారాంశం. 2019 ఆగస్టులో ఆ కోవలోని మందే నేను మింగడం మొదలుపెట్టేనాటికి ఆ చట్రాన్ని ఎన్ని వందలసార్లు చూశానో లెక్క లేదు. చూశానే గాని చదవలేదు. కామా ఉండవలసిన చోట ఉందా, బార్‌కోడ్ సరిగ్గా పడిందా అన్నదే నా ధ్యాస.

అప్పటికి నాకు 23 ఏళ్లు. ఆ వేసవి నుంచే తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టేది కాదు. అన్నం రుచించేది కాదు, తల దువ్వుకోవడం కూడా పెద్ద పనిలా తోచేది, ఒకే పేజీని నాలుగుసార్లు సరిచూసినా నమ్మకం కలిగేది కాదు. నేను లేకపోయినా ఎవరికీ ఏమీ తక్కువ కాదన్న ఆలోచన అప్పుడప్పుడు వచ్చి పోయేది. అది కోరిక కాదు, ఒక నీరసం. ఈ తేడాను ఇంత పట్టి చెప్పడానికి కారణం ఉంది, ఎందుకంటే తరవాత జరిగినదాన్ని అర్థం చేసుకోవడానికి ఈ తేడాయే ఆధారమైంది.

నిజాంపేటలో అక్కా బావల దగ్గర ఉండేదాన్ని. మానసిక వైద్యుల దగ్గరకు వెళ్తే ఆ మాట పెళ్లి సంబంధాల దాకా పాకుతుందని అమ్మ భయపడింది కాబట్టి, ఇంటికి దగ్గరలోని ఒక క్లినిక్‌లో జనరల్ ఫిజీషియన్‌కు చూపించుకున్నాను. ఆయన ఐదు నిమిషాలు విని ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు 10 మిల్లీగ్రాముల మాత్ర రాసి, నెల తరవాత రమ్మన్నారు. కుటుంబంలో ఎవరికైనా ఇలాంటి జబ్బు ఉందా అని గాని, చావాలన్న ఆలోచన వస్తోందా అని గాని అడగలేదు. మందుల షాపులో పది మాత్రల స్ట్రిప్పులు మూడు కాగితపు సంచిలో వేసి ఇచ్చారు. వాటితో పాటు చదువుకోవడానికి ఏ కాగితమూ లేదు. అదే కోవ మందుతో పాటు మరో దేశపు రోగికి అందవలసిన కాగితాన్ని ఆ రోజు పొద్దున్నే నేను సంతకం పెట్టి పంపాను.

ఆగస్టు 5, సోమవారం, మొదటి మాత్ర. ఐదో రోజు వరలక్ష్మీ వ్రతం. అమ్మ తెనాలి నుంచి వచ్చింది. అక్క వ్రతకథ చదువుతోంది, నేను అక్షింతలు పట్టుకుని చాప మీద కూర్చున్నాను, కూర్చోలేకపోయాను. కాళ్లలో నొప్పి లేదు, తిమ్మిరి లేదు, కాని ఒంటి లోపల ఎవరో మోటారు వేసి ఆపడం మరిచిపోయినట్టు ఉంది. కథ పూర్తయ్యేలోగా మూడుసార్లు లేచి వంటింట్లోకి వెళ్లి వచ్చాను. "ఏంటే, కాలుగాలిన పిల్లిలా అలా తిరుగుతావు? తోరం కట్టించుకునే దాకానైనా కుదురుగా ఉండవే" అని అమ్మ విసుక్కుంది. నా జబ్బును అందరికంటే ముందు, అందరికంటే సరిగ్గా వర్ణించింది అమ్మేనని ఇప్పటికీ అక్క నవ్వుతుంది.

తరవాతి రోజుల్లో అది పెరిగింది. కంపెనీ బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా గంటసేపు కడ్డీ పట్టుకుని నిలబడి, ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ వెళ్లేదాన్ని. రాత్రిళ్లు హాల్లో గోడ నుంచి గోడకు నడిచేదాన్ని. క్లినిక్‌కు ఫోన్ చేస్తే, మొదట్లో ఆందోళన ఉంటుందని, మోతాదు చాలలేదేమోనని, 20 మిల్లీగ్రాములు వేసుకోమని చెప్పారు. 13వ తేదీ నుంచి అలాగే వేసుకున్నాను. అప్పటిదాకా ఉన్న నీరసపు ఆలోచన స్థానంలో మరొకటి వచ్చి కూర్చుంది. ఇది నాకు అలవాటైన దుఃఖం కాదు. చర్మం లోపల ఉండలేకపోవడం నుంచి ఎలాగైనా బయటపడాలన్న తొందర అది, పదే పదే, గొంతు పట్టుకుని అడిగే తొందర. ఏమేమి ఆలోచించానో వివరంగా రాయను. చదివేవాళ్లకు దానివల్ల మేలేమీ లేదు.

15వ తేదీ రాత్రి రెండింటికి అక్కను లేపి, "అక్కా, నాకు చచ్చిపోవాలనిపిస్తోంది, నన్ను ఒక్కదాన్నీ వదలకు" అన్నాను. అంత సూటిగా ఎలా చెప్పగలిగానో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. అక్క ఏడవలేదు, దేవుడి పేరెత్తలేదు, నీకేం తక్కువని అడగలేదు. "సరే, నాతోనే ఉండు, పొద్దున్నే పెద్ద డాక్టరు దగ్గరకు పోదాం" అని, నేను నడుస్తుంటే తెల్లవారేదాకా నాతో పాటు నడిచింది. బావ ఇంట్లోని మాత్రలన్నీ, తన బీపీ మాత్రలతో సహా, ఒక సంచిలో వేసి కింది ఫ్లాటు వాళ్లకు ఇచ్చి వచ్చాడు. ఆ గంటలో ఫోన్ చేయడానికి మాకు ఏ నంబరూ తెలియదు. 14416 అన్న టెలి మానస్ నంబరు 2022 అక్టోబరులో మొదలైంది. ఇప్పుడు ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడేవారు దొరుకుతారు. మా ఇంటి ఫ్రిజ్ మీద ఆ నంబరు అంటించి ఉంది.

మర్నాడు చూసిన మానసిక వైద్యురాలు నన్ను మొదట కూర్చోమన్నారు. ఏమీ అడగకుండా కాసేపు నా పాదాల వైపే చూశారు. తరవాత నిలబడమని మళ్లీ చూశారు. ఆ పైన వేసిన మొదటి ప్రశ్న, "ఈ ఆలోచనలు మందుకు ముందు వచ్చినవా, తరవాత వచ్చినవా? రెండూ ఒకేలా ఉన్నాయా?" అని. ఎవరైనా ఈ ప్రశ్న అడుగుతారని నేను అనుకోలేదు. నా కాళ్లలోని ఈ స్థితికి ఆకథీసియా అని పేరుందని, గ్రీకులో ఆ మాటకు కూర్చోలేకపోవడం అని అర్థమని, 1901లో హాష్కోవెట్స్ అనే చెక్ వైద్యుడు ఆ పేరు పెట్టాడని, అప్పటికి ఈ మందులేవీ లేవని ఆమె చెప్పారు. మతి భ్రమణానికి ఇచ్చే మందులతో ఇది ఎక్కువగా వస్తుందట. డిప్రెషన్ మందులతో తక్కువే గాని, వస్తుంది. వచ్చినప్పుడు దాన్ని జబ్బు ముదరడంగా పొరబడి మోతాదు పెంచితే మంటలో నెయ్యి పోసినట్టవుతుంది. నాకు జరిగింది అదే.

వేసుకుని పదకొండు రోజులే అయింది కాబట్టి ఆమె ఆ మందు ఆపించారు. నెలల తరబడి వాడినవాళ్లు మాత్రం ఇలా ఒక్కసారిగా మానకూడదని, మెల్లగా తగ్గించుకోవాలని అప్పుడే హెచ్చరించారు. కాళ్లలోని ఆ కుదురులేనితనం తగ్గడానికి ప్రొప్రనొలాల్, కొద్ది రోజులకు మాత్రం క్లోనజెపామ్ ఇచ్చి, మాత్రలు అక్క చేతిలో ఉండాలని, మూడు రోజులకొకసారి రావాలని అన్నారు. నాలుగో రోజు సాయంత్రం నేను కూర్చుని కాఫీ తాగాను. ఆ తొందర పోయింది. పాత నీరసం మాత్రం ఉన్నచోటనే ఉంది. రెండింటినీ విడదీసి చూపించినట్టు అలా ఒకటి పోయి ఒకటి మిగలడం వల్లనే, మందుకు అందులో పాత్ర ఉందని నేను నమ్మాను.

తిరిగి డ్యూటీలో చేరాక ఆ నల్ల చట్రాన్ని మొదటిసారి చదవడానికి చదివాను. దాని వెనుక పెద్ద చరిత్రే ఉంది. ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందు 1987 చివర అమెరికాలో అనుమతి పొందితే, 1990లోనే టీచర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఆ మందు మీద తీవ్రమైన ఆత్మహత్యా చింతన తలెత్తిన ఆరుగురు రోగుల గురించి రాశారు. ఆరుగురి కథలతో ఏదీ రుజువు కాదు, ఎందుకంటే మనిషి మందు మొదలుపెట్టేది సరిగ్గా జబ్బు అధ్వానంగా ఉన్నప్పుడే, ఆ రోజుల్లో జరిగే ప్రతి కీడునూ మందు ఖాతాలో వేయలేము. అందుకే మందునూ, మందులేని ఉత్తుత్తి మాత్రనూ చీటీలు తీసినట్టు పంచి చూసిన పరీక్షలు కావలసి వచ్చాయి. పిల్లల మీద జరిగిన 24 పరీక్షలను, 4,400 మందికి పైగా ఉన్నవాటిని కలిపి చూస్తే, ఆత్మహత్య ఆలోచనలు గాని ప్రయత్నాలు గాని మందు తీసుకున్నవారిలో నూటికి 4, తీసుకోనివారిలో నూటికి 2. ఆ పరీక్షల్లో ఒక్కరూ చనిపోలేదు. 2004 అక్టోబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ చట్రం వేయించింది. 2007లో దాన్ని 24 ఏళ్ల వయసు దాకా పొడిగించింది.

పొడిగించడానికి ఆధారమైన పెద్ద విశ్లేషణలో 372 పరీక్షలు, దాదాపు లక్షమంది పెద్దలు ఉన్నారు. కాగితంలోని చిన్న పట్టికలో పిల్లల లెక్కలూ పెద్దల లెక్కలూ కలిపి, ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే వెయ్యికి ఇంత అని వేస్తారు: 18 ఏళ్ల లోపువారిలో 14 మందికి ఎక్కువగా, 18 నుంచి 24 లోపు 5 మందికి ఎక్కువగా, 25 నుంచి 64 లోపు ఒకరికి తక్కువగా, 65 దాటినవారిలో 6 మందికి తక్కువగా. ఆ పట్టికలో రెండో గీతలో నేను ఉన్నాను. అదే మందు నాలుగో గీతలోని మా నాయనమ్మ వయసువారిని కాపాడుతోంది. నా కాగితాల్లో అన్నిటికంటే నిజాయితీగల చోటు ఆ నాలుగు గీతలేనని నాకు అనిపిస్తుంది, కాని అందరూ చదివేది పైనున్న పెద్దక్షరాలనే.

మందు వల్ల ముందు ఒంట్లో సత్తువ వచ్చి, మనసు తేరుకోవడం ఆలస్యమైతే, ఆ మధ్యకాలంలో ప్రమాదమని చాలాకాలంగా వైద్యులు చెబుతూ వచ్చారు. కొందరి విషయంలో నిజం కావచ్చు. నాకు సత్తువ ఏమీ రాలేదు. నాకు వచ్చింది చిత్రహింస. పాతికేళ్ల లోపువారిలో ఎక్కువ మోతాదుతో మొదలుపెట్టినవారికి, మామూలు మోతాదుతో మొదలుపెట్టినవారికంటే తమను తాము గాయపరచుకునే ప్రమాదం సుమారు రెట్టింపు ఉన్నట్టు 2014లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం చెప్పింది. తొమ్మిదో రోజునే రెట్టింపైన నా మోతాదు గుర్తొచ్చి ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను.

అమ్మ మాత్రం ఒక్క ముక్కలో తేల్చేసింది. "ఆ మందులే దీన్ని చంపబోయాయి, ఇక ఏ మందూ వద్దు, ఇంటికి తీసుకెళ్లిపోతాను" అని. ఆ మాటలో సగం నిజం ఉండడమే కష్టం. అబద్ధమైతే కాదనడం సులువు. డాక్టరుగారు అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, "అమ్మా, మీరన్నది నేను కాదనను. మీ అమ్మాయికి ఆ మందు పడలేదు. కాని జబ్బును వదిలేస్తే అదీ ఊరుకోదు" అన్నారు. తరవాత మెల్లగా మా మేనమామ సంగతి అడిగారు. నెలల తరబడి గది దాటని మామయ్య, ఉన్నట్టుండి నిద్రమాని, అప్పులు చేసి మూడు వ్యాపారాలు ఒకేసారి పెట్టిన మామయ్య. మేం దాన్ని జబ్బనుకోలేదు, స్వభావం అనుకున్నాం. నా ఇంటర్ రోజుల్లో నేను వారంపాటు నిద్ర లేకుండా ఊరంతా గొప్పగా మాట్లాడుతూ తిరిగిన ముచ్చట అక్క చెప్పింది. ఆ తరవాత కొన్ని నెలల పరిశీలన మీద నాది బైపోలార్ తరహా, అంటే కుంగుబాటూ అతి ఉత్సాహమూ మారి మారి వచ్చే తరహా అని డాక్టరుగారు నిర్ధారించారు. అటువంటివారికి డిప్రెషన్ మందు ఒంటరిగా ఇస్తే మనసు అటూ ఇటూ కాని కలత స్థితిలోకి జారవచ్చునట.

2020 జనవరిలో, మనసును అటూ ఇటూ ఊగకుండా నిలిపే లిథియం అనే మందు మొదలైంది. ఇది ఈ లెక్కకు రెండో వైపు. 2013లో 48 పరీక్షలను కలిపి చూసినప్పుడు ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే లిథియం తీసుకున్నవారిలో ఆత్మహత్యలు తక్కువగా ఉన్నట్టు తేలింది. అందరూ ఒప్పుకున్న మాటేమీ కాదు. 519 మంది అమెరికా మాజీ సైనికుల మీద చేసిన పరీక్షలో తేడా కనిపించక దాన్ని మధ్యలోనే ఆపేశారు. నా సంగతి చెప్పాలంటే, మూడు నెలలకు పొద్దున మూడింటి మెలకువ పోయింది, ఏడాదికి ఆ ఆలోచన రావడం మానేసింది. దానికి తగ్గ చాకిరీ ఉంది. రాత్రి మాత్రకు పన్నెండు గంటల తరవాత రక్తం ఇవ్వాలి, అందులో లిథియం లెక్క 0.6కూ 0.8కూ మధ్య ఉండాలి, మూత్రపిండాల పనితీరు చూసే క్రియాటినిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఎండాకాలం తెనాలి వెళ్తే ఉప్పు వేసిన మజ్జిగ తప్పదు, జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు ముట్టకూడదు. దాన్ని ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం తిరిగి పెరుగుతుంది కాబట్టి, బాగున్నాను కదా అని మానే స్వేచ్ఛ నాకు లేదు. చేయి సన్నగా వణుకుతుంది. సంతకం కొంచెం మారింది, కంపెనీలో నమూనా సంతకం మళ్లీ ఇచ్చాను.

కొత్త మందు ఏది మొదలైనా మొదటి నాలుగు వారాలూ అక్క రోజూ రాత్రి ఒకే మాట అడుగుతుంది: "కూర్చోగలుగుతున్నావా?" చావు గురించి అడగడం కంటే ఆమెకు ఇది సులువు. ఆ రెండో ప్రశ్న కూడా అడుగుతుంది, నేనూ దాచకుండా చెబుతాను.

పోయిన సంక్రాంతికి సికింద్రాబాదులో రైలెక్కి కిటికీ పక్క సీటులో కూర్చున్నాను. పల్లీలవాడు, టీవాడు, ఇద్దరు పిల్లల తల్లి, అందరూ నన్ను దాటుకుని వెళ్లారు. తెనాలిలో దిగాక కాళ్లు పట్టేసి అడుగు పడలేదు. "అంతసేపూ లేవకుండా కూర్చున్నావా, మధ్యలో కాస్త అటూ ఇటూ నడవకూడదటే?" అని అమ్మ కోప్పడింది.