ఎండాకాలం పార్కు బొమ్మ వేశాను: నా అనుభవం

పార్కులో సేద తీరుతున్న జనాన్ని వెయ్యాలని ఎప్పటినుంచో కోరిక. అందుకు హైదరాబాద్‌లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌ని మించిన చోటు నాకైతే కనపడలేదు. రైలుకి ఇంకా టైముందని స్టేషన్ నుంచి వచ్చి కూర్చున్నవాళ్లు, మ్యూజియం చూసి అలిసిపోయిన కుటుంబాలు, తువ్వాలు మొహాన కప్పుకుని గుర్రుపెట్టేవాళ్లు, అన్ని రకాలవాళ్లూ దొరుకుతారు.

మే నెల కాబట్టి ఎండ కాస్త తగ్గాకే వెళ్లేదాన్ని. మనుషులు కదులుతారని టెన్షన్ పడ్డాను గానీ, అసలు కదిలేది నీడ. నీడ జరిగితే దానివెంటే దుప్పటి, టిఫిన్ క్యారియర్, పిల్లలు, అంతా జరుగుతారు. అందుకని ముందు నీడ అంచు పెన్సిల్‌తో గీసి, పక్కన టైము రాసుకుని, ఆ తర్వాతే మనుషుల జోలికి వెళ్లేదాన్ని. ఫోన్‌లో ఫొటోలూ తీశాను. కొలతలకి పనికొచ్చాయి, రంగులకి కాదు. ఫొటోలో నీడంతా నల్లగా పడుతుంది. కంటికి అందులో నీలం, ఊదా కనిపిస్తూనే ఉంటాయి.

ఇలా అక్కడ స్కెచ్‌లు, ఇంట్లో కాన్వాస్ అనే పద్ధతి కొత్తదేం కాదు. ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ సూరా 1884లో పారిస్ దగ్గర లా గ్రాండ్ జాట్ దీవిలో ఆదివారం జనాన్ని అలాగే చిన్న చిన్న స్టడీలుగా, అంటే ముందస్తు నమూనా బొమ్మలుగా వేసుకుని, స్టూడియోలో దాదాపు మూడు మీటర్ల వెడల్పు కాన్వాస్ మీదకి ఎక్కించాడు. 1886లో ప్రదర్శించాడు. ఇప్పుడది షికాగోలో ఉంది. పాపం, ఆయన వాడిన జింక్ పసుపు కొన్నేళ్లకే గోధుమరంగుకి తిరిగిపోయింది.

నేను వాడింది యాక్రిలిక్, అంటే నీళ్లతో కలిపి వేసే రంగు. మన ఎండలకి పాలెట్ (రంగులు కలిపే పలక) మీదే ఆరిపోతుంది, నీళ్ల స్ప్రే పక్కనే ఉండాలి. పైగా ఆరాక ఒక మెట్టు ముదురవుతుంది. అందుకే కలిపిన ప్రతి రంగూ ముందు ఒక కాగితం ముక్క మీద రాసి, ఆరనిచ్చి చూసేదాన్ని. విసుగే, కానీ తప్పదు. గడ్డికి ట్యూబులో పచ్చరంగు వాడలేదు. అల్ట్రామెరైన్ అనే ముదురు నీలం, పసుపు, కొంచెం బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు కలిపితేనే ఆ ఎండిన పచ్చదనం వచ్చింది.

నన్ను బాగా ఏడిపించింది వేపచెట్టు కింద నిద్రపోతున్న ఒక పెద్దాయన బనియను. తెల్లదే, కానీ నీడలో ఉంది. ఎండలోని గడ్డి పక్కన పెట్టి చూస్తే గడ్డే వెలుగ్గా ఉంది! బూడిద కలిసిన నీలంతో బనియను వేశాక గానీ మనిషి నేలకి ఆనలేదు. ఆకుల సందుల్లోంచి ఆయన పొట్టమీద పడ్డ వెలుగు చుక్కల సంగతి ఇంకోటి. సందులు ఎంత వంకరగా ఉన్నా, కాస్త ఎత్తునుంచి పడితే చుక్కలు గుండ్రంగానే పడతాయి, అవి సూర్యుడి బింబాలు మరి. ఏటవాలు ఎండకి కొంచెం సాగుతాయి. అంచులు మెత్తగా ఉంచి, లేత పసుపుతో చివర్లో పెట్టాను.

ఆయన లేచాక స్కెచ్ చూపించాను. కాసేపు చూసి, "నన్నెందుకమ్మా పండుకున్నట్టు ఏసినవ్? కూసున్నట్టు ఎయ్యి, ఇంట్ల చూస్తే నవ్వుతరు" అన్నాడు. సరేనని కూర్చున్నట్టు ఇంకో స్కెచ్ గీసి ఆయనకే ఇచ్చేశాను. కాన్వాస్ మీద మాత్రం పడుకునే ఉన్నాడు.