రెండు నిండు గ్లాసులు

2024 ఏప్రిల్ 21, ఆదివారం. నేను చూసుకునే పెద్దావిడను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని ఇజ్రాయెల్‌లోని హైఫాలో రైలెక్కాను. ఇంట్లో పిల్లల్లాగే నేనూ ఆవిడను ‘సవ్తా’ అంటాను, హీబ్రూలో నానమ్మ అని. మర్నాడు రాత్రే పెసాహ్. మన చర్చిల్లో పస్కా అంటామే, అదే; యూదులు ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడ్డందుకు చేసుకునే పండగ. పండగ టెల్ అవీవ్ పక్కనున్న రామత్ గాన్‌లో, సవ్తా కూతురింట్లో. “ముందు టెల్ అవీవ్‌లో దిగుదాం, ఆ చౌక్ చూడాలి” అంది సవ్తా.

చౌక్ అంటే ఆర్ట్ మ్యూజియం ముందున్న ఖాళీ జాగా. 2023 అక్టోబరు 7న హమాస్ 251 మందిని పట్టుకెళ్లాక, ఆ జాగాకు బందీల పేరే స్థిరపడింది. పొడవాటి బల్ల, చుట్టూ ఖాళీ కుర్చీలు. రోజులు లెక్కపెట్టే గడియారం 200కి దగ్గరపడింది. గాజాలో అప్పటికి ఇంకా 133 మంది. ఆ లెక్కలోనే హదార్ గోల్డిన్, ఓరోన్ షావుల్ కూడా. ఇద్దరూ 2014 యుద్ధంలో చనిపోయిన సైనికులు. పదేళ్లవుతున్నా అప్పటికి శవాలు ఇల్లు చేరలేదు.

నా కాళ్లు ఆగింది మాత్రం ఒక థాయ్ కుర్రాడి ఫొటో దగ్గర. పొలం పనికొచ్చిన థాయ్‌వాళ్లను 31 మందిని తీసుకుపోయారు. నవంబరులో 23 మంది బయటపడ్డారు, అందరూ కాదు. మాది జగిత్యాల జిల్లా. వలసపోయిన కొడుకు ఫోన్ రెండ్రోజులు మోగకపోతే ఇంట్లో ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. గాజాలో ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది లేకుండా పోయారో అనీ అనిపించింది. అక్కడ నిలబడి ఆ మాట పైకి అనలేకపోయాను.

మర్నాడు రాత్రి కుర్చీలు చాల్లేదు. ఒకటి ఖాళీగా ఉందని లాగబోతే సవ్తా నా చెయ్యి పట్టుకుంది. చూస్తే వెనక పసుపు రిబ్బను, బందీలకు గుర్తుగా కట్టేది. వంటింట్లోంచి ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకున్నాను.

అందరికన్నా చిన్నవాడు ఆనవాయితీగా పాట ఎత్తుకున్నాడు, “మా నిశ్తనా”, ఈ రాత్రికి మిగతా రాత్రులతో తేడా ఏమిటని. ఐగుప్తు బానిసత్వం చదువుతూ కూతురు రెండుసార్లు ఆగింది. చేదుకు గుర్తుగా తినే దుంప తురుము ఆవ ఘాటులా ముక్కులోకి ఎక్కింది. మట్జా రొట్టె నాకు అప్పడమంత రుచిగా కూడా లేదు, అది వేరే సంగతి.

ఏలియా ప్రవక్తకని ఏటా ఒక గ్లాసు వైన్ పోసి ఉంచుతారు. ఈసారి పసుపు రిబ్బను కుర్చీ ముందు ఇంకొకటి. అర్ధరాత్రి దాటాక గిన్నెలు సర్దుతుంటే ఆ రెండూ నిండుగానే ఉన్నాయి.

“తీసెయ్యనా సవ్తా?”

“ఉండనీ. పొద్దున తీద్దువుగాని.”